సూదికి ముందు మాట

గర్భాశయ ముఖమునకు వచ్చు కాన్సరు ఏటేట మన దేశమున వేలాది తల్లులను పొట్టన పెట్టుకొనుచున్నది. హెచ్. పి. వి. అను వైరసు శరీరములో ఏండ్ల తరబడి నిలిచిపోవుట దీనికి మూలము. ఈ సంబంధమును కనుగొన్న జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డ్ సుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించినది. వైరసును అడ్డగించు టీకా 2006 నుండి వాడుకలో నున్నది. అయినను టీకాను కనుగొనుట ఒక ఎత్తు. తల్లిదండ్రులు దానిని మనసార అంగీకరించుట మరియొక ఎత్తు.

ఇందుకు ఖమ్మం జిల్లా అనుభవమే సాక్ష్యము. 2009లో ఆ జిల్లాయందును, గుజరాతులోని వడోదరయందును 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు ప్రయోగాత్మకముగా ఈ టీకా వేసిరి. ఖమ్మములో ఆశ్రమ పాఠశాలల గిరిజన బాలికలు పలువురి విషయమున, అంగీకార పత్రములపై తల్లిదండ్రులకు మారుగా వార్డెనులు సంతకములు చేసిరి. తరువాత కొందరు బాలికలు మరణించగా భయము వ్యాపించినది. 2010లో ఆ పని నిలిచిపోయినది. ఆ మరణములకు టీకా కారణమైనట్లు కానరాలేదనియు, అంగీకారము తీసికొన్న తీరులో లోపములు కలవనియు ప్రభుత్వ విచారణ సంఘము తేల్చినది.

తన బిడ్డకు ఏ సూది వేసిరో ఎరుగని తల్లి, పిమ్మట ఎంతటి వైద్యుడు చెప్పినను నమ్మునా? ఆమెది అజ్ఞానమని కొట్టివేయుట న్యాయము కాదు. అడుగవలసినవారిని అడుగకపోయిరి.

కనుక మాట ముందు, సూది తరువాత. ఆ మాట తల్లికి తెలిసిన భాషలో, తల్లి ఎరిగిన మనిషి నోట రావలెను. మన్యములో కోయ మాటాడు ఇంట కోయలోనే చెప్పవలెను. ఊరి ఆశా కార్యకర్త, నర్సమ్మ, బడి పంతులమ్మ ఇందుకు తగినవారు.

“పెండ్లి కాని పిల్లకు ఈ టీకా ఏల?” అని పెద్దలు అడుగుదురు. అడుగనిండు. ఈ వైరసు స్త్రీ పురుష సంపర్కము వలన సోకును. సోకిన పిమ్మట టీకా దానిని పోగొట్టజాలదు. అందుచే 9 మొదలు 14 ఏండ్ల వయసే తగిన అదను. ఇందు పిల్ల నడతను శంకించునది ఏమియు లేదు. సంతానము కలుగదను మాటకు ఆధారము లేదు. చేయి నొప్పి, కొద్దిపాటి జ్వరము రావచ్చును; కొందరికి కన్ను తిరుగును గనుక సూది పిమ్మట కొంతసేపు కూర్చుండబెట్టవలెను. టీకా అన్ని రకముల వైరసును ఆపదు. కావున 30 ఏండ్లు దాటిన స్త్రీలు పరీక్ష మానరాదు. ఈ సంగతియు దాచక చెప్పవలెను.

సిక్కిం రాష్ట్రము 2018లో ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ముందుగా నచ్చజెప్పి బడులలో ఈ టీకా వేయించినది. నూటికి 95 మందికి పైగా బాలికలు దానిని పొందిరి. టీకా ఒక్కటే, చెప్పిన తీరు వేరు.

మీ ఇంట ఆ వయసు బాలిక ఉన్నచో, వైద్యుని వద్దకు వెళ్లి మీ సందేహములన్నియు అడుగుడు. ఆ బాలికకును తెలియజెప్పుడు. సూది ఆమె చేతికే గదా!