పనిముట్టు పట్టే ఉపాధ్యాయుడు

పాఠశాల అనగానే మన మనస్సులో నల్లబల్ల, సుద్దముక్క, పుస్తకముల సంచి మెదులుతవి. రంపము, ఉలి, ఆకురాయి, మూలమట్టము మెదలవు. విద్య వేరు, పని వేరు అనే భావము మన ఇళ్ళలో ఎంతగానో పాతుకొని ఉన్నది. చదువుకొనే పిల్లవాడు సుత్తి చేతపట్టితే తల్లిదండ్రుల మనస్సు చివుక్కుమంటుంది. మిగిలిన ఊళ్ళలో ఈ భావము ఉన్నదంటే అంతగా ఆశ్చర్యము లేదు. గోదావరిఖనిలో, రామగుండములో కూడ ఉన్నదంటే మాత్రము ఆలోచించవలసిన సంగతి. అవి చేతిపని మీద నిలిచిన ఊళ్ళు. అచ్చటి హైస్కూలు పిల్లలకు పనిముట్ల విద్యను ఎవరు నేర్పవలెను? ఆ నేర్పేవారికి ఎవరు, ఎట్లు నేర్పవలెను? ఈ విషయమును నేటి ప్రసంగములో విచారిద్దాము.

ముందుగా ఆ నేల చరిత్రను క్లుప్తముగా స్మరించుకొనుట మంచిది. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతములో బొగ్గు ఉన్నదని కనుగొన్నారు. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులను పొందినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడినది. నేడు అందులో తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్ర ప్రభుత్వమునకు 49 వంతుల వాటా ఉన్నది. 1960 ప్రాంతమున గోదావరి ఒడ్డున తెరచిన బొగ్గుబాయిల చుట్టూ పుట్టి పెరిగిన ఊరే గోదావరిఖని. ప్రక్కనే రామగుండములో 1971లో 62.5 మెగావాట్ల విద్యుత్కేంద్రము వెలసినది. అది అర్ధశతాబ్దమునకు పైగా పనిచేసి 2024లో విరమించినది. 1980లో ఎరువుల కర్మాగారము ఉత్పత్తి ఆరంభించి, 1999లో మూతపడి, 2021లో కొత్త సంస్థగా తిరిగి ప్రాణము పోసుకొన్నది. 1983లో ఎన్.టి.పి.సి. వారి మొదటి యూనిట్ వెలుగు నిచ్చినది. ఇన్ని యంత్రములు ఒక్కచోట కూడిన ప్రదేశములు మన తెలుగునాట అరుదు.

ఇన్ని యంత్రములు ఉన్నచోట వాటిని ఎరిగిన చేతులు కూడ ఉంటవి. బాయిలో పైకప్పు గట్టిగా ఉన్నదో, ఊడిపడనున్నదో తెలిసికొనుటకు అనుభవజ్ఞుడైన కార్మికుడు దానిని కర్రతో తట్టి, చెవి ఒగ్గి వింటాడు. గట్టి రాయి ఒక విధముగా మ్రోగును, డొల్లబారిన రాయి మరొక విధముగా పలుకును. కర్ర దిమ్మెలకు బదులు ఇనుప బోల్టులు వచ్చినా ఆ వినికిడి విద్యకు విలువ తగ్గలేదు. ఫిట్టరు బేరింగు శబ్దము విని రోగమును పోల్చుకొంటాడు. వెల్డింగు చేయువాడు కరిగిన లోహపు రంగును చూచి వేడిని అంచనా వేస్తాడు. ఇదంతయు విద్యయే. కాని ఈ విద్య తండ్రితో పాటు షిఫ్టుకు పోయి, షిఫ్టు ముగియగానే అలసి నిద్రపోతున్నది. పాఠశాల గడప త్రొక్కుట లేదు.

తండ్రులను నిందించుటకు మేము ఈ మాట చెప్పుట లేదు. "నేను పడ్డ కష్టము నా బిడ్డ పడగూడదు" అని కోరుట తండ్రికి సహజము. ఒక తరము క్రిందట ఆ కోరికకు వెనుక ఒక ధైర్యము కూడ ఉండెడిది. చదువు అబ్బకపోయినా బాయిపని ఉన్నదిగదా అనుకొనేవారు. నేడు ఆ ధైర్యము సడలినది. 1990వ దశకపు ఆరంభమున సింగరేణి కార్మికుల సంఖ్య లక్షకు పైబడి ఉండెడిది. నేడు అందులో సగము కూడ లేదు. ఉపరితల గనులలో పెద్ద యంత్రములు పలువురి పనిని చేస్తున్నవి. కనుక పిల్లవానికి తండ్రి కొలువు వచ్చునన్న నమ్మకము లేదు. తండ్రి నేర్పూ అందుట లేదు. బడిలో దానిని నేర్పేవారు లేరు. మూడు వైపులా తలుపులు మూసికొన్నట్లున్న ఈ స్థితియే మా ప్రసంగమునకు కారణము.

బడిలో చేతిపని ఉండవలెనని మన పెద్దలు చెప్పక కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించి, డాక్టర్ జాకీర్ హుసేన్ సంఘము రూపొందించిన మౌలిక విద్యకు చేతివృత్తియే కేంద్రము. 1952-53లో మొదలియార్ అధ్యక్షతన ఏర్పడిన మాధ్యమిక విద్యా సంఘము బహుళార్థసాధక పాఠశాలలను సూచించినది. 1964-66 నాటి కొఠారీ సంఘము పని అనుభవమును పాఠ్యక్రమములో చేర్చవలెనన్నది. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘము సమాజోపయోగకరమైన ఉత్పాదక శ్రమను పాఠ్యవిషయముగా ప్రతిపాదించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధములో, ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు వందమందికి పైగా పిల్లలున్న బడిలో పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండవలెనని వ్రాసి ఉన్నది. 2020 జాతీయ విద్యావిధానము ఆరవ తరగతి నుండియే వృత్తి పరిచయము కలుగవలెనని, సంచి లేని పది దినములు ఉండవలెనని చెప్పినది. సుమారు ఎనుబది సంవత్సరములలో మాట మారలేదు. పేరు మాత్రము మారుతూ వచ్చినది.

మాట ఇంత నిలకడగా ఉండగా పని ఎందుకు సాగలేదు? పాఠ్యక్రమమును కాగితముపై వ్రాయవచ్చును, పనిముట్లను టెండరు పిలిచి కొనవచ్చును. ఉపాధ్యాయుని మాత్రము తయారుచేసికొనవలెను. ఆ తయారీకి ఒకప్పుడు గట్టి ప్రయత్నమే జరిగినది. 1963లో అజ్మీరు, భోపాలు, భువనేశ్వరము, మైసూరులలో నాలుగు ప్రాంతీయ శిక్షణ కళాశాలలు వెలసినవి. దక్షిణాది రాష్ట్రముల కొరకు ఏర్పడినది మైసూరు కళాశాల. ఈ కళాశాలలలో ఇంటరు స్థాయి చదువు ముగించినవారికి నాలుగేండ్ల టెక్నాలజీ కోర్సు పెట్టి, విషయజ్ఞానమును, వర్కుషాపు పనిని, బోధన పద్ధతిని ఒకే చదువుగా అల్లినారు. కాని బహుళార్థసాధక పాఠశాలలు వెనుకపట్టు పట్టగా, వాటి కొరకు పుట్టిన ఆ కోర్సు కూడ నిలిచిపోయినది. ఉద్యోగము లేని చదువుకు ఎవరు వస్తారు? చదువుకొన్నవారు లేని పాఠశాల ఎట్లు నడుస్తుంది? ఒకటి కూలితే రెండవది కూలినది.

నేడు మన రాష్ట్రములో ఈ వృత్తిని కోరువారికి రెండు దారులు కనబడుతవి. మొదటిది టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్. చిత్రలేఖనము, కుట్టుపని, అల్లికపని వంటి విషయములలో లోయర్ గ్రేడు పరీక్ష ప్యాసైనవారికి వేసవిలో 42 దినముల శిక్షణ ఇస్తారు. రెండవది క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టరు శిక్షణ. 1948లో బిలాస్‌పూరు సమీపమున కోనీలో ఆరంభమైన ఈ పద్ధతి 1960వ దశకములో హైదరాబాదుకు కూడ వచ్చినది. విద్యానగరులోని నాటి శిక్షణ సంస్థయే నేడు జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ అనే పేరుతో నడుస్తున్నది. ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు వంటి వృత్తులలో సర్టిఫికెట్ గాని డిప్లొమా గాని ఉన్నవారు అచ్చట ఒక సంవత్సరము చదివి బోధకులవుతారు. అయితే వారు పోయేది ఐ.టి.ఐ.లకు. పదునారేండ్ల యువకునికి ఉద్యోగము కొరకు నేర్పే పద్ధతి వేరు. పన్నెండేండ్ల బాలునికి బుద్ధివికాసము కొరకు నేర్పే పద్ధతి వేరు. ఇక బి.ఇడి. చూచినట్లయితే అందులో ముఖ్యముగా గణితము, భౌతిక, జీవ, సాంఘిక శాస్త్రములు, భాషలు. పనిముట్టు పట్టే ఉపాధ్యాయునికి ఆ ఇంట కుర్చీ వేయలేదు.

మరి అట్టి ఉపాధ్యాయునికి ఎట్టి శిక్షణ కావలెను? ఒక ఉదాహరణతో చెప్పుదుము. ఎనిమిదవ తరగతి పిల్లలు ఒక ముక్కాలిపీట చేయవలెననుకొనండి. ఎవరు కూర్చొనుటకు? ఎంత ఎత్తు? కాళ్ళు మూడా, నాలుగా? ఇంటిలోని నేల ఎగుడుదిగుడుగా ఉన్నచో మూడు కాళ్ళ పీట ఊగదు, నాలుగు కాళ్ళది ఊగును. ఈ ఒక్క ప్రశ్నలో రేఖాగణితమున్నది. తరువాత కొలతలతో బొమ్మ గీయవలెను. పై నుండి చూచిన రూపము, ప్రక్క నుండి చూచిన రూపము వేరువేరుగా చూపవలెను. తరువాత కొయ్యను ఎన్నుకొనవలెను. ఈనె వెంబడి కోసిన కొయ్యకు, అడ్డముగా కోసిన కొయ్యకు బలములో తేడా ఎందుకు వచ్చునో తెలియవలెను. మేకు కొట్టుటయా, మరమేకు బిగించుటయా, కొన చెక్కి బెజ్జములో దిగవేయుటయా అన్నది నిశ్చయించవలెను. చివరకు పీటపై కూర్చొని పరీక్షించి, లోపమును గుర్తించి, మరల సవరించవలెను. యోచన, చిత్రము, పదార్థము, పని, పరీక్ష అనే ఈ అయిదు మెట్లలో ఏ ఒక్కటి తప్పినా అది విద్య కాదు, కూలిపని అవుతుంది.

కనుక శిక్షణ పొందే ఉపాధ్యాయుడు ముందు తన చేతితో ఆ పీటను చేయవలెను. తరువాత ముప్పదిమంది పిల్లలచేత చేయించుట నేర్వవలెను. ఇది మొదటిదానికంటె కష్టము. పిల్లవాడు రంపమును వంకరగా నడుపుతున్నపుడు చేతిలోనుండి లాగికొని తానే కోసివేయుట సులభము. చూస్తూ ఊరకుండి, తగిన సమయమున ఒక్క మాట చెప్పుట గురువు లక్షణము. గదిలో బల్లలు ఎట్లు వేయవలెను, పదునైన పనిముట్లను ఎట్లు అందించవలెను, జుట్టు, పమిట, వదులు చొక్కా యంత్రము దగ్గర ఎట్లు ముడుచుకొనవలెను అనునవి కూడ పాఠములే. బొగ్గుబాయిలో క్రొత్తవానికి శిక్షణ ఇవ్వనిదే పనిలో దింపరాదని 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమములు శాసిస్తున్నవి. బాయికి ఉన్న ఈ జాగ్రత్త బడికి ఉండవద్దా?

ఇతర దేశములవారు ఈ పనిని ఎన్నడో తలపెట్టినారు. ఫిన్లండులో ఉనో సిగ్నేయస్ కృషివలన 1866లోనే చేతిపని పాఠశాలలలో విధియైనది. స్వీడనులో ఓటో సాలోమన్ నాస్ అనే చోట నడిపిన శిక్షణాలయమునకు పలు దేశముల ఉపాధ్యాయులు వచ్చి నేర్చుకొనిపోయినారు. మంచి వడ్రంగిని వెదకుటకంటె మంచి ఉపాధ్యాయునికి వడ్రంగము నేర్పుట మేలని ఆయన మతము. ఇంగ్లండులో 1990 నుండి రూపకల్పన, సాంకేతిక విద్య జాతీయ పాఠ్యక్రమములో ఒక విషయముగా ఉన్నది.

మన గనుల ప్రాంతమున మరొక వసతి కూడ ఉన్నది. పదవీ విరమణ పొందిన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, వడ్రంగులు ప్రతి కాలనీలోను ఉన్నారు. వారిలో ఆసక్తి గలవారికి కొంత బోధన శిక్షణ ఇచ్చి, శిక్షితుడైన ఉపాధ్యాయునికి తోడుగా నిలిపినట్లయితే తరగతిగదికి బలము వచ్చును. పని తెలిసినంతమాత్రమున నేర్పుట తెలియదు, నేర్పుట తెలిసినంతమాత్రమున పని తెలియదు. ఇద్దరూ ఒకరికొకరు కావలెను. ఆడపిల్లలను కుట్టుపనికే పరిమితము చేయుట కూడ మానవలెను. 2019లో కేంద్ర ప్రభుత్వము భూగర్భ గనులలో స్త్రీలు పనిచేయుటకు అనుమతి నిచ్చినది. గని తలుపు తెరచిన తరువాత వర్కుషాపు తలుపు మూసియుంచుట న్యాయము కాదు.

అసలు చిక్కు జీతములో, గౌరవములో ఉన్నది. డిప్లొమా చేతికి వచ్చిన యువకునికి ఒక ప్రక్క కర్మాగారము పిలుస్తుంది. మరొక ప్రక్క బడిలో పార్ట్‌టైమ్ పని, గౌరవ వేతనము, వచ్చే ఏడు ఉంటుందో ఉండదో తెలియని కొలువు. ఏది ఎన్నుకొంటాడు? లెక్కల మాస్టరుకు ఉన్న స్థానము, భద్రత, ప్రగతి పనిముట్ల మాస్టరుకు కూడ కలిగిననాడే ఎంతటి మంచి శిక్షణయైనా ఫలిస్తుంది. లేనిచో మైసూరు కోర్సుకు పట్టిన గతియే దీనికిని పట్టును.

ప్రభుత్వము చేయవలసినది ఇది. గృహస్థులు చేయదగినది కూడ ఒకటి ఉన్నది. ఇంటిలో రేడియో మొరాయించినపుడు, సైకిలు గొలుసు ఊడినపుడు పిల్లవాడు స్క్రూడ్రైవరు తీసికొని కూర్చొంటే "చదువు పాడగును" అని గద్దించకండి. రేడియో ప్లగ్గు ఊడదీసినాడో లేదో చూచి, ప్రక్కన కూర్చొనండి. "ఏమి చేస్తున్నావు, ఎందుకు చేస్తున్నావు?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకు నోటితో, చేతితో జవాబు చెప్పగల పిల్లలలోనుండియే రేపటి ఉపాధ్యాయుడు రావలసి ఉన్నది.