చిన్న పత్రిక – తెలియని ప్రకటన

పత్రికకును ప్రకటనకును గల చుట్టరికము తెలుగువారికి కొత్తది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము నెలకొల్పిరి. ఆ వ్యాపారపు రాబడియే 1908లో వెలసిన ఆంధ్రపత్రికకు, 1924లో వెలసిన భారతికి ఊతమైనది. అచట ప్రకటన ఎవరిదో, సరకేమిటో పాఠకుడు ఎరుగును. పత్రికాధిపతి అంతకంటె బాగుగా ఎరుగును. నేడు మేము ప్రస్తావింపబోవు ప్రకటన అట్టిది కాదు. అది ఎవరిదో, ఏమి చెప్పుచున్నదో పత్రిక నడపువానికే తెలియదు.

2003లో గూగుల్ సంస్థ యాడ్‌సెన్స్ అను ఏర్పాటును ప్రవేశపెట్టినది. అంతర్జాలమున చిన్న పత్రిక నడపువాడు తన పుటలో కొంత చోటు విడిచిన చాలును. యంత్రము ఆ పుటలోని మాటలను చదివి, వానికి తగినవని తోచిన ప్రకటనలను క్షణములో వేలమునకు పెట్టి, గెలిచినదానిని అచట నిలుపును. వ్యాపారుల యిండ్లచుట్టు తిరుగ పనిలేదు, బాకీలు వసూలుచేయు బాధ లేదు. తెలుగుభాషకు ఈ సౌకర్యము 2018లో లభించినది. ఇంత సుఖమైన ఏర్పాటులో చిక్కేమున్నదని శ్రోతలు అడుగవచ్చును.

ఒక ఉదాహరణము చూతము. వరి కోతకు ముందు ఆ చేలలోనే మినుములు చల్లుట కృష్ణాడెల్టాలో పరిపాటి. కంకిపాడు ప్రాంతమున చదువుకొన్న రైతుబిడ్డ ఒకడు ఈ మినుము సాగును గురించి చిన్న జాలపత్రిక నడపుచున్నాడనుకొందము. పల్లాకు తెగులు సోకిన మొక్కను బాగుచేయు మందు లేదనియు, దానిని పీకివేసి, తెగులును వ్యాపింపజేయు తెల్లదోమను అరికట్టవలయుననియు అతడు వ్రాసినాడు. యంత్రము ఆ వ్యాసమున చూచినది మూడు మాటలు: మినుము, తెగులు, మందు. తెగులును ఒక్క పిచికారితో మాన్పెదనను సీసా ప్రకటన దాని క్రిందనే వెలసిన ఆశ్చర్యమేమి? రైతు ఆ పత్రికను నమ్మినవాడు. ఆ నమ్మకముతోనే సీసాను కొనును. సీసా పనిచేయకున్న నింద సీసాకు కాక పత్రికకు తగులును.

అప్పుల సంగతి ఇంతకంటె ప్రమాదకరము. చరవాణిలో నిమిషములమీద అప్పిచ్చి, పిదప రుణగ్రస్తుని బంధుమిత్రులకు ఫోనుచేసి పరువుతీసిన సంస్థలవలన కొందరు ప్రాణములు తీసికొనిరి. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు అట్టివారిని కొందరిని నిర్బంధించిరి. ఇట్టి అప్పుల జోలికి పోవలదని వ్రాసిన వ్యాసమునందు 'అప్పు' అను మాట పదిమారులు వచ్చును. యంత్రమునకు మాట తెలియును గాని ఆ మాట వెనుకనున్న అభిప్రాయము తెలియదు. హెచ్చరికను అది ఆహ్వానముగా గ్రహించుటకు వీలున్నది. కొన్ని తరగతుల ప్రకటనలను నిషేధించు వీలు పత్రికవానికి కలదు. కాని వచ్చిన పిమ్మట చూచి తొలగించుటయే తప్ప, రాకముందు ప్రతిదానిని చదువుట అతనికి సాధ్యము కాదు. పైగా ఒక పాఠకునకు కనబడునది వేరొకనికి కనబడకపోవచ్చును.

ఇక రాబడి. లెక్క చేరునట్లు ఒక ఊహ చేయుదము. పుటను వేయిమారులు చూచిన అర డాలరు వచ్చుననియు, పత్రికను నెలకు రెండువేలమారులు చూతురనియు అనుకొనిన, నెలకు ఒక డాలరు. సొమ్ము చేతికందుటకు 100 డాలర్లు పోగుకావలయును. అనగా ఎనిమిదేండ్ల నాలుగు నెలలు! ఈలోపున మనవాని పత్రికేగదా యని బావమరదులు, మేనమామలు ప్రకటనలను పనిగట్టుకొని నొక్కిరా, ఆ యాదరమే అపకారమగును. అట్టి నొక్కుళ్లు చెల్లవు, ఖాతాయే మూతపడవచ్చును.

వేరొక విడ్డూరము కలదు. ఇట్టి ప్రకటన ఫలించుట యనగా పాఠకుడు దానిని నొక్కి పత్రికను విడిచిపోవుటయే. పైసలకొరకు పాఠకుని సాగనంపుట చిన్న పత్రికకు లాభమా? క్రమముగా వ్రాతయు మారును. ఏ మాటకు ఎక్కువ ధర పలుకునో ఆ మాటవైపు కలము ఒరగును. మినుము పోయి బీమా వచ్చును.

ప్రకటనలే వలదని మేము అనము. గాంధీగారు 1912లో ఇండియన్ ఒపీనియన్ పత్రికలో ప్రకటనలు మానిరి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ప్రకటనలు లేకుండ విరాళములతో నడచుచున్నది. అందరికిని ఆ నియమము చెల్లదు. ఆకాశవాణియందును 1967 నవంబరు 1న వివిధభారతిలో వాణిజ్యప్రసారములు ప్రారంభమైనవి. కాని ఇచట ప్రకటన శ్రోతల చెవిని పడుటకు ముందు మనుష్యుడు దానిని విని, నియమావళితో సరిచూచును. ఆ మనుష్యుడు లేకపోవుటయే యంత్రప్రకటనలోని ప్రధానలోపము.

కావున చిన్న పత్రికలవారికి మా మనవి ఒక్కటే. బందరు రోడ్డుమీది విత్తనముల దుకాణము వారినో, ఊరిలోని బియ్యపుమిల్లు వారినో స్వయముగా అడుగుడు. సరకు చూచి, మాట చదివి, ఏడాదికి ఇంతయని ధర కుదుర్చుకొనుడు. లేదా పాఠకులనే స్వల్పచందా కోరుడు. అందు శ్రమ కలదు, ఒకింత మొగమాటమును కలదు. అయినను తన పుటలో ఏమున్నదని ఎవరేని అడిగినపుడు, తెలియదని చెప్పవలసిన అగత్యము ఆ సంపాదకునకు ఉండదు.