రాతిని తినెడి చెమ్మ
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



1908వ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తెను. వేలకొలది ప్రాణములు పోయినవి. ఆ నదికే దక్షిణపు గట్టున, పాతబస్తీలో, నేడు సాలార్‌జంగు మ్యూజియము నిలిచియున్నది. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దివాన్ దేవిడీలో దానిని ప్రారంభించిరి. 1968లో అది ఇప్పటి భవనమునకు మారినది. దంతము, దారువు, లోహము, వస్త్రము, వ్రాతప్రతి, వీనిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క శత్రువు గలదు. అందుచేతనే వానిని కాపాడుటకు అచ్చట ప్రత్యేకముగా ఒక ప్రయోగశాల గలదు. వరద వచ్చినచో లోకమెల్ల చూచును. గాలిలోని చెమ్మ వచ్చుట ఎవరికిని కనబడదు.

రాయికి ఆ చెమ్మ భయము లేదని లోకుల నమ్మకము. అది పూర్తిగా నిజము కాదు. శిలాజమనగా పూర్వకాలపు ప్రాణి ఎముకయో, గుల్లయో, ఆకో రాతియందు నిలిచిపోయిన రూపము. తెలుగునేలపైనను ఇవి గలవు. యామనపల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లి ఎముకలకు 1988లో కోటాసారస్ అని పేరిడిరి. ఆ అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రమున నున్నది.

శిలాజములన్నిటికిని రోగము రాదు. గాలి తగలని బురదలో పూడిన కొన్నింటియందు మాత్రము ఇనుమును గంధకమును కూడి పైరైటు అను పసిడిచాయ ఖనిజమగును. భూగర్భమున కోట్ల యేండ్లు క్షేమముగా నున్న అట్టి శిలాజము, బీరువాలో పెట్టిన కొన్ని యేండ్లకే పొడి కావచ్చును. ప్రాణవాయువును చెమ్మయు తగిలినంతనే పైరైటు అన్నభేదిగను గంధకామ్లముగను మారజొచ్చును. అన్నభేదికి ఎక్కువ చోటు కావలెను గనుక రాయి పగులును. ఆమ్లము ప్రక్కనున్న చీటిని, పెట్టెను కాల్చును. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. ఇచ్చట దొంగ రాతి కడుపులోనే యున్నాడు.

అన్నభేది పల్లెలకు క్రొత్త కాదు. కరక్కాయ కషాయములో దానిని కలిపి నల్లసిరా కాచెడివారు. అట్టి సిరాతో వ్రాసిన పాత లెక్కల కాగితములు అక్షరముల వెంట గోధుమరంగు తిరిగి చిల్లులు పడుట పెద్దలు చూచియుందురు. రాతిని తినునదియు, కాగితమును తినునదియు ఒక్క వంశమే.

తెల్లని లేక పసుపుపచ్చని పొడి, గంధకపు ఘాటు వాసన, మాడిన చీటి, ఇవి తొలి గురుతులు. బూజనుకొని నీటితో కడుగరాదు. నీరే ఆ రోగమునకు ఆహారము. వార్నిషు పూసినను చెమ్మ లోనికి పోవును. పొడిని మెత్తని కుంచెతో తుడిచి, ఆ శిలాజమును తక్కినవాని నుండి వేరుచేసి, గాలి చొరని డబ్బాలో తేమను పీల్చు సిలికాజెల్ తోడ నుంచవలెను. గాలిలో తేమ నూటికి 60 పాళ్లు దాటినచో చేటు వేగమగును. 50కి లోబడియున్న మేలు. అమోనియా ఆవిరితో ఆమ్లమును విరుచుట నిపుణుల పని. పొడియైనదానిని తిరిగి శిలాజముగా చేయు విద్య ఎవరికిని లేదు. కావున ముందుగానే ఛాయాచిత్రము తీసి, అచ్చు పోసి, దొరికిన చోటును తేదీని వేరొక పుస్తకమున నమోదు చేయవలెను.

ఇరువదియైదేండ్లు గ్రంథములను కూడబెట్టుట ఒక పుణ్యము. వానిని నిలుపుట మరియొకటి. వానలకు ముందొకసారి, వానలు వెలిసిన వెనుక ఒకసారి బీరువాలు తెరచి ప్రతి పుస్తకమును చేతబట్టి చూడవలెను. పాతబస్తీ మ్యూజియమునకు ప్రయోగశాల గలదు. పల్లె గ్రంథాలయమునకు సభ్యుల కన్నులే దిక్కు.

స్వస్తి.