రామచిలుకా? గండుచిలుకా? భుజం చూసి చెప్పండి!

ఈరోజు ఎపిసోడ్ చూడడానికి ఒకేలా కనిపించే రెండు చిలుకల గురించి.

మన పిట్లం చుట్టుపక్కల మక్క చేన్ల మీద గుంపులుగా అరుచుకుంటూ వాలేది రామచిలుక. తోకతో కలిపి 40 సెంటీమీటర్లు ఉంటది. రెండోది గండుచిలుక. ఇంగ్లీషులో అలెగ్జాండ్రిన్ పారాకీట్ అంటారు. ఇది దాదాపు 60 సెంటీమీటర్లు, ముక్కు కూడా బాగా పెద్దది. మెడలో గులాబీ పట్టీ రెండింట్లోనూ ఎదిగిన మగవాటికే ఉంటది కాబట్టి దాన్ని చూసి పోల్చుకోలేం. భుజం చూడండి. అక్కడ ముదురు ఎరుపు మచ్చ ఉంటే అది గండుచిలుకే.

ఇప్పుడు అసలు విషయం. ఐయూసీఎన్ లెక్కలో రామచిలుకకి ప్రస్తుతానికి ముప్పు లేదు. గండుచిలుక మాత్రం ముప్పుకి దగ్గరలో ఉన్న జాబితాలో ఉంది. రెండూ చిలుకలే కదా, ఎందుకీ తేడా?

మొదటిది గూడు. రెండూ చెట్టు తొర్రలోనే గుడ్లు పెడతాయి. రామచిలుకకి చిన్న తొర్ర చాలు, గోడలో సందు దొరికినా సర్దుకుంటది. లండన్‌లో కూడా స్థిరపడిపోయింది! గండుచిలుక ఒళ్లు పెద్దది, దానికి పెద్ద తొర్ర కావాలి. అంత తొర్ర ముసలి చెట్టుకే ఉంటది. మనమేమో ఎండిన కొమ్మ, బోలు మాను కనిపిస్తే ముందు దాన్నే కొట్టేస్తాం.

రెండోది మాట. గండుచిలుక బాగా మాట్లాడుతదని పేరు. అందుకే తొర్రలో నుంచి పిల్లల్ని తీసి అమ్ముతారు. ఏటా పిల్లలు పోతుంటే ముసలి పక్షులు చనిపోయాక వాటి స్థానంలోకి వచ్చేవి ఉండవు. పైకి మాత్రం కొన్నేళ్లు అంతా బాగున్నట్టే కనిపిస్తది.

కాకటూల కథ కూడా ఇదే. తెల్ల ఒళ్లు, పసుపు జుట్టు ఉన్న పెద్ద కాకటూ సిడ్నీలో మనవాళ్ల ఇళ్ల ముందు చెత్తడబ్బాలు తెరిచి తింటుంది. దానిలాగే ఉండే చిన్న కాకటూ, ఇండోనేషియా దీవుల్లోది, పంజరాల కోసం పట్టీ పట్టీ ఇప్పుడు అంతరించే అంచుకి చేరింది.

చట్టం సంగతి కూడా చెప్తా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ రెండు చిలుకల్లో దేన్ని పట్టినా, అమ్మినా, పంజరంలో పెంచినా నేరమే. జోస్యం చిలుకకి కూడా మినహాయింపు లేదు.

"పాపం, కొని వదిలేద్దాం" అనుకునేవాళ్లు ఉంటారు. మనసు మంచిదే, కానీ మీరిచ్చిన డబ్బుతో అతను ఇంకో తొర్ర వెతుక్కుంటాడు. కొనకండి. అటవీ శాఖకి ఫోన్ చేయండి. మీ చేను గట్టు మీద తొర్ర ఉన్న ముసలి చెట్టు ఉంటే దాన్ని అట్లనే ఉండనివ్వండి.

మీ ఊళ్లో భుజం మీద ఎర్ర మచ్చ ఉన్న చిలుకని చూశారా? ఎక్కడ చూశారో కామెంట్‌లో చెప్పండి. గూడు ఉన్న చెట్టు ఎక్కడుందో మాత్రం రాయకండి, పట్టేవాళ్లు కూడా చదువుతారు. మళ్లీ కలుద్దాం.