తేట నీరంతా మంచి నీరు కాదు



నీళ్లు తేటగా ఉంటే మంచివే అని చాలామంది అనుకుంటారు. నల్లగొండ జిల్లా కథ వింటే ఆ మాట నిజం కాదని తెలుస్తుంది.

ఆ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు బోరింగు కొడితే తేట నీళ్లే వచ్చేవి. రంగు లేదు, వాసన లేదు. జనం ఆ నీళ్లే తాగారు. వాటితోనే వండుకున్నారు. పిల్లల పళ్లకు గార పట్టింది. పెద్దవాళ్ల నడుములు వంగాయి. కొందరికి కాళ్లు వంకర తిరిగాయి.

ఇది శాపం కాదు, పాపం కాదు. నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ చేసిన పని. అది నేలలోని రాళ్ల నుంచి నీళ్లలోకి దిగుతుంది. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో.

"కాచి తాగితే పోదా?" అని అడుగుతారు. పోదు. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది. నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడగట్టినా పోదు. పటిక, సున్నం కొలత ప్రకారం కలిపి తగ్గించే పద్ధతి ఉంది. దానికి నల్లగొండ పేరే పెట్టారు. కాని రోజూ ఇంటింటా అది చేయడం కష్టం. వేరే చోటి మంచి నీళ్లు తేవడమే అసలు మందు.

ఆ నీళ్ల కోసం నల్లగొండ జనం ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద ఊళ్లకు పైపులు వేశారు. అయినా అప్పటికే వంగిన ఎముక మళ్లీ తిన్నగా కాదు. అందుకే ముందే జాగ్రత్త పడాలి.

ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో నల్లా రాని రోజు ఏం చేస్తారు? "బోరింగు నీళ్లే పోసి వండేద్దాం" అంటారు. ఒక్క రోజుతో జబ్బు రాదు. ఆ అలవాటు ఏళ్లు సాగితే వస్తుంది. ఎసట్లో పోసిన నీళ్లు కూడా కడుపులోకే పోతాయి కదా! తాగడానికి, వంటకు నల్లా నీళ్లు దాచి పెట్టండి. బోరింగు నీళ్లు బట్టలకు, గిన్నెలకు వాడండి.

దాచిన బిందెకు మూత పెట్టండి. చేయి ముంచకుండా పొడుగు కాడ గరిటెతో తీయండి. లేకుంటే ఫ్లోరైడ్ తప్పినా విరేచనాలు తప్పవు.

మీ ఊరి బోరింగు నీళ్లు పరీక్ష చేయించారా? గ్రామసభలో అడగండి. ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటే బోరింగుకు ఎర్ర రంగు వేయించండి. "తాగరాదు" అని రాయించండి. ఆ మాట ఇప్పుడు మీరు చదవగలరు. చదవలేని వాళ్లకు చదివి చెప్పండి.