మట్టి ఇచ్చిన మందు

(బుచ్చిరెడ్డిపాలెములో రైతుల సమావేశమునకై ఒక సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు సిద్ధపరచిన ప్రసంగ పాఠము)



కనిగిరి రిజర్వాయరు నీటితో పండే మీ పొలములో చిటికెడు మట్టి తీసికొని చూడుడు. కంటికి కనబడని జీవులు అందులో కోట్లకొలది ఉండును. పశువుల ఎరువును కుళ్లబెట్టి పైరుకు అందించునవి, మినుము వేళ్ల బుడిపెలలో నత్రజని చేర్చునవి ఇవియే. తొలకరి చినుకు పడగానే వచ్చే మట్టి వాసన కూడ వీటిలో ఒక తెగ పుట్టించినదే. ఆ తెగలో మందును వెదకిన ఒక అధ్యాపకుని గూర్చి నేడు చెప్పెదను.

ఆయన పేరు బెంజమిన్ డగ్గర్. 1872లో అమెరికాలోని అలబామా రాష్ట్రములో జన్మించినారు. 1943 వరకు సుమారు నలుబది ఏండ్లు పలు విశ్వవిద్యాలయములలో వృక్షశాస్త్రము, పైరుల తెగుళ్లు బోధించినారు. తరగతి గదితో సరిపెట్టుకొనక, పుట్టగొడుగులకు మేలైన విత్తనము తయారుచేయు విధమును సాగుదారులకు తెలుపుచు, అమెరికా వ్యవసాయ శాఖ తరఫున బులెటిన్ వ్రాసినారు.

ఉద్యోగ విరమణ తరువాత, 1944లో, డెబ్బది దాటిన వయసులో లెడర్లీ పరిశోధనశాలలో చేరినారు. అచ్చట పరిశోధనకు అధిపతి మన తెలుగువాడే: 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కూడ ఒకప్పుడు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పినవారే.

డగ్గర్ పలుచోట్ల నుండి మట్టి తెప్పించి పరీక్షించినారు. మిస్సోరి విశ్వవిద్యాలయమునకు సాన్‌బోర్న్ అను ప్రయోగక్షేత్రము కలదు. ఏ పైరు, ఏ ఎరువు భూమిని ఏమి చేయునో తెలిసికొనుటకు 1888లో దానిని ఆరంభించినారు. అందులో గడ్డి పెంచిన 23వ నెంబరు మడి నుండి విలియం ఆల్‌బ్రెక్ట్ అను భూసార శాస్త్రజ్ఞుడు మట్టి పంపినారు. ఆ మట్టిలో బంగారు వన్నెగల జీవి ఒకటి దొరికినది. దాని నుండి తీసినదే ఆరియోమైసిన్; టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. 1948లో దానిని లోకమునకు ప్రకటించినారు. ఆ ఏడే ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూసినారు. భూసారము కొరకు నిలిపిన మడి మనుషుల ప్రాణము నిలిపే మందు ఇచ్చినది.

అయితే ఈ కథకు రెండవ భాగము ఉన్నది. ఈ మందును మేతలో కొద్దిగా కలిపిన కోడిపిల్లలు త్వరగా పెరుగునని త్వరలోనే తేలినది. రోగము లేకున్నను మందు వాడుట అలవాటైనది. ఫలితమేమి? ఒకే పురుగుమందు ఏటేటా కొట్టిన చేనులో చావని పురుగులే మిగిలి, వాటి సంతతియే పెరుగును గదా! సూక్ష్మజీవులలోను అంతే. అట్టి మొండి జీవులు పశువు నుండి మనిషికి చేరినచో, రేపు మన బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు మందు పనిచేయదు. అందుచేతనే యూరపు దేశములు ఎదుగుదల కొరకు మేతలో ఇట్టి మందులు కలుపుటను 2006లో నిలిపివేసినవి. మన ప్రభుత్వము 2019లో కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడరాదని నిషేధించినది.

కనుక ఈ క్రింది సంగతులు పాటించవలెను.

1. పశువైద్యుడు చెప్పనిదే పశువులకు, కోళ్లకు ఇట్టి మందులు ఇవ్వరాదు.

2. మొదలుపెట్టిన మందును వైద్యుడు చెప్పినన్ని రోజులు ఇవ్వవలెను. గుణము కనబడగానే మానరాదు. మిగిలినది మరొక పశువుకు వాడరాదు.

3. పొదుగువాపునకు మందు వేసిన గేదె పాలను, వైద్యుడు చెప్పిన గడువు తీరువరకు అమ్మరాదు, ఇంట వాడరాదు.

4. రొయ్యల చెరువులలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులు నిషిద్ధము. వాటి జాడ దొరికిన సరుకును విదేశములు త్రిప్పి పంపును. ఆ నష్టము చివరకు రైతుదే.

5. పాకలు పొడిగా ఉంచుట, టీకాలు వేయించుట, చెరువులో రొయ్యపిల్లలను కిక్కిరియనీయకుండుట: రోగము రాకుండ చూచుకొనుటకు ఇవియే మేలైన మార్గములు.

ఈ మందు కనుగొనుటకు ఒక అధ్యాపకుని జీవితకాలపు చదువు, అరువది ఏండ్ల సేద్యము చూచిన ఒక మడి కావలసి వచ్చినవి. దాని గుణము పోగొట్టుటకు మన అజాగ్రత్త ఒక్కటి చాలును. సందేహము కలిగినప్పుడు మందుల దుకాణమునకు పోవుటకు ముందు పశువైద్యుని గాని, మత్స్యశాఖ అధికారిని గాని అడుగుడు.