కొత్త చేపకు వేరే తొట్టి

ఉట్నూర్‌కు సముద్రం చాలా దూరం. ఇక్కడ ఎవరైనా ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుంటే, చేప ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచిలో బోలెడు ప్రయాణం చేసి రావాల్సిందే. అలసిన చేపను రోగం తొందరగా పట్టుకుంటుంది. దాన్ని నేరుగా పాత చేపల్లో వదలకండి.

ఈ చేపలకు పెద్ద బెడద క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి. ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తాయి. కొద్ది రోజులకు చుక్కలు రాలిపోతాయి, తగ్గిందనుకుంటాం. అసలు కథ అప్పుడే మొదలు! రాలిన పురుగు తొట్టి అడుగున గుల్ల కట్టుకుని, లోపలే వందలుగా చీలి, మళ్లీ చేపల మీదికి వస్తుంది. కొన్ని గుల్లలు పగలడానికి వారాలు పడుతుంది. అందుకే కొత్త చేపను కనీసం నాలుగు వారాలు, వీలైతే ఆరు, విడిగా ఉంచాలి.

ఆ విడి తొట్టికి హంగులేమీ వద్దు. స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క చాలు. మన ఆదిలాబాద్ చలికి హీటర్ మాత్రం తప్పదు. వల కూడా వేరే ఉండాలి. ఈ పరాన్నజీవికి రాగి మందు వేయాల్సి వస్తే ఈ తొట్టిలోనే, కిట్‌తో మోతాదు కొలుస్తూ వేయండి. పగడాలున్న తొట్టిలో వేస్తే అవి చస్తాయి.

ఇలా విడిగా ఉంచడం షోకు కోసం చేసే పని అనుకోకండి. రొయ్యల సాగులోనూ ఇదే జాగ్రత్త. 1990లలో తెల్లమచ్చ వైరస్ ఆంధ్ర తీరంలో రొయ్యల చెరువులను దెబ్బతీసింది. చేపల తెల్ల చుక్కలకు పేరు దగ్గరగా ఉన్నా అది వేరే జబ్బు. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య సాగుకు అనుమతి వచ్చాక, విదేశాల నుంచి తెచ్చే తల్లి రొయ్యలు చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఆగి, పరీక్షలు దాటాకే హేచరీలకు వెళ్తున్నాయి.